ఫార్మాట్ కొడితే డేటా పోదు

సంపాదకులకు,

విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆగిపోయాక ఇళ్లలో, ఆఫీసుల్లో పాత కంప్యూటర్లు బయటికొస్తున్నాయి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేవారు కొందరు, వీధిలోకొచ్చే పాత సామాన్ల బండికి వేసేసేవారు కొందరు. లోపలి డేటా సంగతేమిటంటే అందరిదీ ఒకటే జవాబు: ‘ఫార్మాట్ కొట్టేశాం’. క్విక్ ఫార్మాట్ అంటే గుమ్మానికున్న నేమ్‌ప్లేట్ పీకేయడమే. ఇంట్లో సామాను ఎక్కడిదక్కడే ఉంటుంది. ఆధార్ కాపీలు, ఐటీ రిటర్నులు, పిల్లల ఫొటోలు ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎవరైనా మళ్లీ పైకి తీయగలరు.

ముందు మీ డిస్క్ ఏ రకమో చూసుకోండి: లోపల పళ్లేలు తిరిగే హార్డ్ డిస్కా, తిరిగేదేమీ లేకుండా చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీయా. తిరిగే హార్డ్ డిస్క్ అయితే దాని మీద మొదటి నుంచి చివరిదాకా సున్నాలు రాస్తే చాలు. ముప్ఫై అయిదుసార్లు రాయాలన్న మాట 1990ల నాటిది. ఇప్పటి డిస్కులకు ఒక్కసారి సరిపోతుంది. డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్‌కి తగిలించండి, ఎందుకంటే నడుస్తున్న విండోస్ తన డిస్క్‌ను తాను తుడవనివ్వదు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘డిస్క్‌పార్ట్’, ‘లిస్ట్ డిస్క్’, ‘సెలెక్ట్ డిస్క్ 1’, ‘క్లీన్ ఆల్’ అని వరుసగా ఇవ్వాలి. ఇక్కడ 1 అన్నది ఉదాహరణే. మీ డిస్క్ నంబరెంతో సైజును బట్టి, ‘డిటైల్ డిస్క్’లో కనిపించే మోడల్ పేరును బట్టి రెండుసార్లు సరిచూసుకోండి. నంబరు తప్పితే పోయేది మంచి డిస్క్. ‘ఆల్’ మరిచిపోయి ఉత్త ‘క్లీన్’ అని కొడితే క్షణంలో అయిపోతుంది, కానీ డేటా అలాగే ఉంటుంది.

ఎక్కువమంది పొరపాటు పడేది ఆ తర్వాతే. ‘క్లీన్ ఆల్’ ఎంతవరకు వచ్చిందో తెరమీద చూపించదు. కర్సర్ ఊరికే మిణుకుమంటూ ఉంటుంది. హ్యాంగ్ అయిందనుకుని మధ్యలో ఆపేస్తారు. 500 జీబీకి గంటన్నర, 1 టీబీకి మూడు గంటలదాకా పడుతుంది. పాత యూఎస్‌బీ 2 కేబుల్ మీదైతే 1 టీబీకి ఎనిమిది తొమ్మిది గంటలు. స్లీప్ ఆపేసి, ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే ఉంచండి. అయ్యాక ఫొటోరెక్‌తో వెతికి చూడండి, ఒక్క ఫైలు కూడా దొరకకూడదు.

ఎస్‌ఎస్‌డీకి ఈ పద్ధతి పనికిరాదు. అరుగుదల సమంగా ఉండాలని దాని కంట్రోలర్ రాతలను చోటు మార్చి మార్చి రాస్తుంది, మనకు కనబడని చోటు కొంత అట్టిపెట్టుకుంటుంది. పైన సున్నాలు రాసినా పాత ముక్కలు అక్కడ మిగలొచ్చు. దానికి బయోస్‌లోని (కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల్లోని) సెక్యూర్ ఎరేజ్ వాడాలి. డెల్‌లో డేటా వైప్ అంటారు. తరచుగా నిమిషాల్లోనే అయిపోతుంది. లైనక్స్‌లో ఈ పని చేయబోతే డిస్క్ ‘ఫ్రోజెన్’, అంటే చెరపనివ్వకుండా తాళం పడింది, అని రావచ్చు. కంప్యూటర్‌ను ఒకసారి స్లీప్‌లో పెట్టి లేపితే చాలాసార్లు ఆ తాళం వదులుతుంది. కొత్త కంప్యూటర్ కొన్న రోజే బిట్‌లాకర్ (తాళంచెవి లేనిదే చదవలేకుండా డిస్క్‌లోని డేటాను మార్చేసే విండోస్ సదుపాయం) పెట్టుకున్నవారికి అమ్మేనాడు బెంగ తక్కువ.

టక్‌టక్‌మని చప్పుడు చేసే డిస్క్, బ్యాడ్ సెక్టార్లు (చెడిపోయిన చోట్లు) ఉన్న డిస్క్ పూర్తిగా తుడుచుకుపోవు. వాటిని పగలగొట్టాల్సిందే. పైన సుత్తితో కొడితే మూత సొట్టపోతుందంతే. టీ8 నక్షత్రపు స్క్రూడ్రైవర్‌తో మూత విప్పి (ఒక స్క్రూ స్టిక్కర్ కింద దాక్కుంటుంది) డేటా ఉండే లోపలి గుండ్రటి పళ్లేలకు డ్రిల్‌తో బెజ్జాలు వేయండి. ల్యాప్‌టాప్ డిస్కుల్లో పళ్లేలు చాలావరకు గాజువి, పెంకులై ఎగురుతాయి. గుడ్డలో చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని కొట్టండి. ఎస్‌ఎస్‌డీలో అయితే ప్రతి నల్ల చిప్పూ పగలాలి. బోర్డును రెండుగా విరిచినా చిప్‌లు బాగానే ఉంటాయి.

అపార్ట్‌మెంట్ సీసీ కెమెరాల డీవీఆర్‌లో (రికార్డింగ్ పెట్టెలో), ఆఫీసు జిరాక్స్ మెషీన్లు చాలావాటిలో కూడా హార్డ్ డిస్క్ ఉంటుంది. సంఘం పెద్దలకు ఇది తట్టదు. ప్రభుత్వ కార్యాలయాలు పాత కంప్యూటర్లు వేలం వేసేటప్పుడు ప్రతి డిస్క్ సీరియల్ నంబరు, తుడిచిన తేదీ, తుడిచినవారి సంతకం ఫైలులో ఉండేలా అధికారులు ఆదేశాలివ్వాలి. పెద్ద సంస్థలు ఈ-వ్యర్థాలను నమోదైన తయారీదారులకో, బాగుచేసేవారికో, రీసైక్లర్లకో మాత్రమే ఇవ్వాలని 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనలు చెబుతున్నాయి. డిస్కులు వారి చేతికి వెళ్లకముందే తుడవాలి.

– ఒక హార్డ్‌వేర్ టెక్నీషియన్, సికింద్రాబాద్