టికెట్ పెంపులో చిన్న సినిమాకూ వాటా ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

విశాఖను సినీ పరిశ్రమకు కేంద్రంగా తీర్చిదిద్దుతామన్న మాట ప్రభుత్వాలు మారినా వినిపిస్తూనే ఉంది. అయితే ఆ మాట వచ్చిన ప్రతిసారీ చర్చంతా స్టూడియోలకు స్థలాలు, పెద్ద చిత్రాలకు టికెట్ ధరల పెంపు అనే రెండు విషయాల చుట్టూనే తిరుగుతోంది. కొత్తగా సినిమా తీయాలనుకునేవారికి పెట్టుబడి ఎవరిస్తారు, తీశాక థియేటర్ ఎవరిస్తారు అన్నవి పక్కన పడిపోతున్నాయి.

ఈ ప్రశ్నలు నిన్నటివి కావు. సినిమా రంగంపై కేంద్రం వేసిన ఎస్.కె. పాటిల్ విచారణ సంఘం 1951లోనే నిర్మాతలకు రుణాలిచ్చే సంస్థ కావాలని సూచించగా, 1960లో ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ ఏర్పడింది, తర్వాత అది జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్ఎఫ్‌డీసీ)లో కలిసింది. 1998లో కేంద్రం సినిమాకు పరిశ్రమ హోదా కూడా ప్రకటించింది. అయినా బ్యాంకు గడప తొక్కిన చిన్న నిర్మాతకు మొదట ఎదురయ్యేది తాకట్టుకు ఆస్తి ఏముందన్న ప్రశ్నే. దాంతో అధిక వడ్డీకి అప్పు తేవడం, బాకీ తీరలేదని అప్పిచ్చిన ఫైనాన్షియర్ విడుదలకు క్లియరెన్స్ ఇవ్వక విడుదల రోజు ఉదయం ఆటలు రద్దు కావడం మామూలైపోయాయి.

ఫ్రాన్సులో 1946లో ఏర్పడిన సీఎన్‌సీ అనే జాతీయ సంస్థ ద్వారా ప్రతి టికెట్‌పై 10.72 శాతం వసూలు చేసి, ఆ సొమ్మును తిరిగి సినిమా రంగానికే ఖర్చు పెడతారు. అక్కడి ప్రేక్షకుడు హాలీవుడ్ చిత్రం చూసినా ఫ్రెంచి సినిమాకు కొంత చేరుతుందన్నమాట. మన దగ్గర వంద రూపాయలు దాటిన టికెట్‌పై 18 శాతం జీఎస్టీ కడుతున్నాం కానీ, అందులో సినిమా నిర్మాణానికని విడిగా ఉంచే వాటా లేదు. అలాగని మరో పన్ను వేయమని నేను కోరడం లేదు; సగటు కుటుంబం ఇప్పటికే పాప్‌కార్న్ ధర చూసి బెదురుతోంది. పెద్ద చిత్రానికి ధర పెంచుకోవడానికి ఇచ్చే జీవోలోనే, పెరిగిన మొత్తంలో పదో వంతు చిన్న చిత్రాల నిధికి జమ చేయాలన్న షరతు పెడితే సరిపోతుంది.

షరతులు రాస్తే చాలదని కూడా మనకు తెలుసు. టికెట్ ధరలపై 2022 మార్చిలో మన రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన 13వ నంబరు జీవో, రోజుకు ఐదు ఆటలు వేసే థియేటర్లు అందులో ఒక ఆటను చిన్న చిత్రానికి కేటాయించాలంది. ఆచరణలో నగరంలోని మల్టీప్లెక్సుల్లో చిన్న సినిమాకు దక్కేది చాలాసార్లు ఆఫీసులూ కాలేజీలూ నడిచే వేళ పడే ఆట. జనం రాలేదంటూ సోమవారానికి దాన్నీ ఎత్తేస్తారు. ధర పెంపు కోరే భారీ చిత్రాలు ఇరవై శాతం చిత్రీకరణ రాష్ట్రంలో జరపాలన్నది అదే జీవోలోని మరో నిబంధన. ఉద్దేశం మంచిదే. కానీ ఆర్కే బీచ్‌లోనో భీమిలిలోనో షూటింగ్ జరిగితే కెమెరా, లైట్లు, జనరేటర్, చివరికి మేకప్ మనుషులు సైతం హైదరాబాద్ నుంచే దిగుతారు. మనవాళ్లకు మిగిలేది గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టు వేషమూ, యూనిట్‌కు భోజనాలు పంపే పనీ. కాబట్టి రాయితీలను షూటింగ్ రోజులను బట్టి కాక, స్థానిక సాంకేతిక నిపుణులకు చెల్లించిన పారితోషికాన్ని బట్టి ఇవ్వడం న్యాయం.

నిధి ఏర్పడితే అయినవాళ్లకే పంచుతారన్న అనుమానం సహజం. కేరళ ప్రభుత్వ చలనచిత్ర సంస్థ మహిళా దర్శకులకు, ఎస్సీ, ఎస్టీ దర్శకులకు కోటిన్నర రూపాయల వరకు ఇచ్చి సినిమాలు తీయిస్తోంది. మన దగ్గరా అలాంటి పథకం పెట్టి, ఎంపికైన కథలు, ఇచ్చిన మొత్తం, తిరిగి వచ్చిన వసూళ్ల వివరాలను ఏటా పత్రికల్లో ప్రకటించాలి. దానికంటే ముందు, ఇంతవరకు ధరల పెంపు పొందిన చిత్రాల్లో ఎన్ని ఆ ఇరవై శాతం నిబంధన పాటించాయో సినిమాటోగ్రఫీ శాఖ బయటపెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం