బస్తీ పిల్లలకు రాత్రి పది దాకా ఒక గది ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ పరీక్షలు దగ్గరికొచ్చాయి. సెంటర్ల దగ్గర జిరాక్స్ షాపులు మూసేయాలని, సీసీ కెమెరాలు పెట్టారని, ఆర్టీసీ బస్సులు సమయానికి నడపాలని ఏటా వచ్చే వార్తలు ఈసారీ వస్తాయి. నిమిషం ఆలస్యమైతే లోపలికి రానివ్వని నిబంధనను 2024లో సడలించి 5 నిమిషాల వెసులుబాటు ఇచ్చారు. అది మంచి పని. పరీక్ష జరిగే ఆ మూడు గంటల గురించి ఇంతగా ఆలోచిస్తున్నవాళ్లు, దానికి ముందు రెండు నెలలు పిల్లలు రాత్రిళ్లు ఎక్కడ కూర్చుని చదువుతున్నారో మాత్రం అడగడం లేదు. ఆ ఒక్క విషయం చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మేము సికింద్రాబాద్‌లో ఒక బస్తీలో ఉంటాం. ఒక గది, వంటిల్లు. ఐదుగురం. నాన్న ఆటో నడుపుతారు. అమ్మ ఇంట్లోనే మిషన్ కుడుతుంది. నానమ్మకు రాత్రిళ్లు దగ్గు. చెల్లె సర్కారు జూనియర్ కాలేజీలో బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. మాఘం, ఫాల్గుణం వచ్చాయంటే పెళ్లిళ్లు. అమ్మకు బ్లౌజులు, ఫాల్స్, పీకో పని చేతినిండా ఉంటుంది. ఏడాది మొత్తంలో నాలుగు పైసలు వెనకేసుకునేది ఆ రోజుల్లోనే. చెల్లె పరీక్షలూ సరిగ్గా అప్పుడే.

మామూలుగా ఈ సీజన్‌లో అమ్మ రాత్రి పదకొండు దాకా కుడుతుంది. ఈసారి ఎనిమిదింటికే మిషన్ మీద గుడ్డ కప్పేస్తోంది. వచ్చిన పనిలో సగం వెనక్కి పంపింది. చెల్లెకు ఇదంతా కనిపిస్తూనే ఉంది. "నువ్వు కుట్టుకో అమ్మా, నాకేం ఇబ్బంది లేదు" అని పుస్తకాలు, ప్యాడ్ తీసుకుని మెట్ల మీదికి పోతుంది. మాది మూడంతస్తుల బిల్డింగ్. ఎవరో ఒకరు ఎక్కుతూ దిగుతూనే ఉంటారు. వచ్చినప్పుడల్లా లేచి పక్కకు జరగాలి. గల్లీలో బరాత్ ఉన్న రోజు అది కూడా లేదు. రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 సంవత్సరం నుంచే నిబంధనలు ఉన్నాయి. మా గల్లీ డీజేకు అవి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇంటర్ సైన్సు పేపర్లు టిక్కు పెట్టి వచ్చేవి కావు. జువాలజీ 60 మార్కులకు ఉంటుంది. 2 మార్కుల ప్రశ్నలు పది, అన్నీ రాయాలి. 4 మార్కులవి ఆరు, 8 మార్కులవి రెండు రాయాలి. గుండె నిర్మాణం అడిగారంటే బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, పేజీలకు పేజీలు వివరించాలి. అంతా మూడు గంటల్లో అయిపోవాలి. దీనికి చదవడం ఒక్కటే చాలదు. గడియారం ఎదురుగా పెట్టుకుని, పాత ప్రశ్నపత్రం ఒకటి మొదటినుంచి చివరిదాకా రాసి చూసుకోవాలి. అప్పుడే ఏ ప్రశ్నకు ఎంతసేపు పడుతుందో, ఎక్కడ ఆగిపోతున్నామో తెలుస్తుంది. అట్లా మూడు గంటలు కదలకుండా కూర్చుని రాసే వీలు మా చెల్లెకు ఇంట్లో ఒక్కసారి కూడా దొరకలేదు. మొన్న ఆదివారం మొదలుపెట్టింది. గంటన్నర కాకముందే పెళ్లి కార్డు ఇవ్వడానికి చుట్టాలు వచ్చారు. వాళ్లను ఏమనగలం? పేపరు మడిచి పెట్టి చాయ్ పెట్టింది.

నేను మూడేళ్ల కింద సీఈసీ రాశాను. అప్పుడు గల్లీ చివర ఉన్న గుడి మండపంలో కూర్చుని చదువుకున్నాను. పూజారి గారు తాళం చేతిలో పట్టుకుని "ఇంకో పావుగంట చదువుకో నాయనా" అని ఆగేవారు. ఆయన మేలు మరిచిపోను. పదిన్నరకు ఒక్కణ్ణే నడిచి ఇంటికి వస్తే ఎవరూ ఏమీ అనలేదు. చెల్లెకు ఆ వీలు లేదు. వీధి దీపం కింద చదువుకుని పైకొచ్చినవాళ్ల గురించి మనం గొప్పగా చెప్పుకుంటాం. రాత్రి తొమ్మిదింటికి ఒక ఆడపిల్ల వీధి దీపం కింద పుస్తకం పట్టుకుని కూర్చోగలదా? అసలు ఇంత పెద్ద నగరంలో ఏ పిల్లవాడైనా అట్లా ఎందుకు కూర్చోవాలి?

లైబ్రరీకి పోవచ్చు కదా అంటారు. పోయాం. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం నిండా గ్రూప్స్‌కు, డీఎస్సీకి, పోలీసు ఉద్యోగాలకు చదివే అన్నలు, అక్కలే. పొద్దున్నే వచ్చి కుర్చీ పట్టుకుంటారు. 2022 అక్టోబరులో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయి, 2023 జూన్‌లో రాసింది హైకోర్టు తీర్పుతో రద్దయి, 2024 జూన్‌లో మూడోసారి అదే పరీక్ష రాసినవాళ్లు వాళ్లలో ఉన్నారు. వాళ్లను లేపి ఇంటర్ పిల్లలను కూర్చోబెట్టమని నేను అడగను, వాళ్ల బాధ వాళ్లది. కాలేజీ అయ్యాక చెల్లె అక్కడికి చేరేసరికి చోటుండదు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి పోవడానికి ఖర్చు లేదు. చీకటి పడ్డాక తిరిగి రావడమే కష్టం. మాకు దగ్గర్లో ఉన్న చిన్న గ్రంథాలయం ఏడింటికే మూసేస్తారు. ప్రైవేటు స్టడీ హాళ్లు ఉన్నాయి. నేను వెళ్లి అడిగిన రెండు చోట్లా నెలకు వెయ్యి రూపాయలకు తక్కువ లేదు.

కార్పొరేట్ కాలేజీల్లో రాత్రి దాకా స్టడీ అవర్స్ ఉంటాయి. అక్కడి పిల్లల మీద ఉండే ఒత్తిడిని నేను మెచ్చుకోవడం లేదు. కానీ ఒక బల్ల, ఒక లైటు, చప్పుడు లేని రెండు గంటలు ఫీజు కట్టినవాళ్లకు దొరుకుతున్నాయి. సర్కారు కాలేజీ పిల్లలు సాయంత్రం కాగానే మా ఇల్లు లాంటి ఇళ్లకు వచ్చేస్తారు. టెన్షన్‌గా ఉంటే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయమంటున్నారు. ఆ నంబరు ఉండి తీరాలి. 2019 ఇంటర్ ఫలితాల తర్వాత ఈ రాష్ట్రం ఎంతమంది పిల్లలను పోగొట్టుకుందో ఎవరమూ మరిచిపోలేదు. కానీ చెల్లె టెన్షన్‌లో సగం అమ్మ కప్పేసిన మిషన్‌ను చూసినప్పుడు వచ్చేది. ఫోనులో ఎవరు ఎంత బాగా మాట్లాడినా అది తీరదు.

గదులు లేక కాదు. పదో తరగతి పిల్లలకు సర్కారు బడుల్లో సాయంత్రం ప్రత్యేక తరగతులు పెట్టి, ఉడికించిన సెనగలు, పల్లీపట్టి లాంటివి తినడానికి ఇస్తున్నారు. చాలా మంచి ఆలోచన. ఆ పిల్లలు వెళ్లిపోగానే గేటుకు తాళం పడుతుంది. బల్లలు, ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు తెల్లవారేదాకా ఖాళీగా ఉంటాయి. కమ్యూనిటీ హాళ్లు ఫంక్షన్ ఉన్న రోజు తప్ప తెరుచుకోవు. 2018లో బస్తీ దవాఖానాలు మొదలుపెట్టినప్పుడు గదులు లేవని ఆగిపోలేదు. చాలా బస్తీల్లో కమ్యూనిటీ హాలులోనే ఒక భాగం తీసుకుని నడిపించారు. జ్వరం వచ్చినవాళ్లకు దొరికిన గది, చదువుకునేవాళ్లకు సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఎందుకు దొరకదు? ఏడాది పొడుగునా అక్కర్లేదు. జనవరి నుంచి ఎంట్రెన్స్ పరీక్షలు అయ్యేదాకా చాలు. తాగే నీళ్లు, పనిచేసే బాత్రూం, ఒక వాచ్‌మన్, ఆడపిల్లల కోసం ఒక ఆయమ్మ ఉంటే సరిపోతుంది. గది ఇంటికి నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండాలి. అది ముఖ్యం. రెండు బస్సులు మారి వెళ్లాల్సిన చోట ఎంత మంచి రీడింగ్ రూం కట్టినా మా చెల్లెకు పనికిరాదు.

డబ్బు సంగతికొస్తే, ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఉంది. ఇల్లున్న ప్రతివారూ కడుతున్నారు. మా ఓనరు కట్టేదాంట్లో మా కిరాయి పైసలూ ఉన్నాయి. ఆ పన్ను వసూలవుతున్నా గ్రంథాలయ సంస్థకు సరిగ్గా చేరడం లేదని, బకాయిలు పేరుకుపోయాయని ఏళ్లుగా పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. నిజాం పాలనలో, 1901లోనే నలుగురూ పూనుకుని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టుకున్న నగరం ఇది. అప్పుడు వాళ్ల చేతిలో ఏ పన్నూ లేదు. ఇప్పుడు పన్ను కడుతున్న జనం ఉన్నారు, కట్టి ఉన్న గదులున్నాయి.

డిసెంబరులో నేను, నా ఇద్దరు స్నేహితులు మా బస్తీ హాలు కోసం ఒక ఆఫీసుకు వెళ్లాం. అప్లికేషన్ రాసివ్వమన్నారు, ఇచ్చాం. వారం తర్వాత పోతే అది తమ సెక్షన్ కాదన్నారు. ఆ రెండో సెక్షన్‌లో సార్ మీటింగ్‌లో ఉన్నారు. మూడుసార్లు వెళ్లాం, మూడుసార్లూ మీటింగే. మమ్మల్ని ఎవరూ కసురుకోలేదు, ఆ మాట నిజం. కానీ జనవరి గడిచిపోయింది, హాలుకు తాళం అట్లాగే ఉంది.

ఈ నెలలో పరీక్షలు రాసేవాళ్లకు ఇంక పెద్దగా మిగిలిన రాత్రుళ్లు లేవు. అయినా పదో తరగతి పరీక్షలు ముందున్నాయి, ఆ తర్వాత ఎంట్రెన్స్‌లు, సప్లిమెంటరీ ఉన్నాయి. విద్యాశాఖ, జీహెచ్‌ఎంసీ, గ్రంథాలయ సంస్థ కలిసి కూర్చుని ఒక్క ఆర్డరు ఇస్తే చాలు. ముందు కొన్ని బస్తీల్లోనైనా తెరిచి చూడండి. మా బస్తీ వరకు మేం ముగ్గురం మాట ఇస్తున్నాం. హాలు ఊడ్చుకుంటాం, బల్లలు సర్దుకుంటాం, రోజుకు ఒకరం చొప్పున పది దాకా అక్కడే కూర్చుంటాం. చిన్న పిల్లలకు అకౌంట్స్, లెక్కలు తెలిసినంత చెబుతాం. ఆడపిల్లలను ఇళ్ల దాకా దింపి వస్తామని వాళ్ల అమ్మలకు ఇప్పటికే చెప్పాం, పదకొండు మంది పేర్లు ఇచ్చారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో వాళ్లు ఈ ఉత్తరం చదివితే ఒక్క కబురు పంపండి, ఆ సాయంత్రమే వస్తాం.

ఇట్లు,
బీకాం మూడో సంవత్సరం విద్యార్థి,
సికింద్రాబాద్, హైదరాబాద్