ఆశా ఫారంలో పెరిగే ఎర్రమచ్చకూ ఒక గడి ఇవ్వండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా పాప పుట్టిన పదో రోజున ఎడమ కంటిరెప్ప మీద దోమ కుట్టినంత ఎర్రటి మచ్చ కనిపించింది. రెండు నెలలు తిరిగేసరికి అది రేగుపండంత ఉబ్బి రెప్పను కిందికి దించేసింది. పాలు తాగుతూ నన్ను ఒక్క కంటితోనే చూసేది. చూపించిన చోటల్లా "పుట్టుమచ్చమ్మా, ఏడాది తిరిగితే అదే పోతుంది" అన్నారు. నాలుగో నెలలో ఒక చర్మవైద్యురాలు చూసి, ఇది ఇన్‌ఫాంటైల్ హిమాంజియోమా అనే రక్తనాళాల గడ్డ అని, క్యాన్సర్ కాదని, అయినా ఆగకూడదని చెప్పారు.

ఇలాంటి గడ్డలు చాలావరకు వాటంతటవే తగ్గుతాయన్నది నిజమే. కానీ కంటిని మూసేది చూపును దెబ్బతీస్తుంది, గడ్డం చుట్టూ వచ్చేది శ్వాసనాళంలోనూ ఉండవచ్చు, ఐదు లేదా అంతకు మించి ఉంటే కాలేయాన్నీ స్కాన్ చేసి చూడాలి. పైకి ఇంచుమించు ఇలాగే కనిపించే కపోసిఫార్మ్ హిమాంజియోఎండోథీలియోమా అనే మరో రక్తనాళాల గడ్డ చాలా అరుదు. అందులో ప్లేట్‌లెట్లు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు, దానికి వాడే మందులే వేరు. ఏది ఏదో తేల్చేది నిపుణుల కన్నే.

హిమాంజియోమాను ప్రొప్రనలాల్ కుదిస్తుందని ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు 2008లో వెల్లడించారు. గుండె జబ్బులకు ఎప్పటినుంచో వాడుతున్న, ఖరీదు లేని మందు. బరువును బట్టి మోతాదు కట్టి, పాలు పట్టాకే ఇవ్వాలి. ఖాళీ కడుపున ఇస్తే రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదముంది. అయితే గడ్డ ఎదుగుదలలో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే జరిగిపోతుంది కాబట్టి నెల లోపు చేరిన బిడ్డకు దక్కే ఫలితం మా పాపకు దక్కలేదు. రెప్ప లేచింది, చూపు తగ్గింది. ఆ కన్ను పనిచేయడం నేర్చుకోవాలని రోజూ మంచి కంటికి ప్యాచ్ వేసి, ఏడుస్తున్న పిల్లను ఎత్తుకుని తిప్పుతున్నాను.

ఆశా కార్యకర్తలు 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి బిడ్డను తూకం వేస్తారు. గడ్డ పెరిగేదీ ఆ రోజుల్లోనే. మా ఆశా అమ్మాయి 14వ రోజునే ఆ మచ్చను వేలితో తడిమి చూసింది. ఫారంలో చీముపొక్కులకు, కామెర్లకు గడులున్నాయి గానీ పెరిగే మచ్చకు లేదు. ఆ గడి చేర్పించండి. ఆమె ఫోన్‌లో తీసిన ఫొటోను బోధనాసుపత్రి చర్మవ్యాధుల విభాగం వారంలోగా చూసేలా ఆదేశాలివ్వండి. అవసరమైన బిడ్డకు జిల్లా కేంద్రంలోనే, వైద్యుల కళ్ల ముందు తొలి మోతాదు పడే ఏర్పాటు చేయించండి.

భవదీయురాలు,
ఒక తల్లి