జెండా పాట పక్కన మధ్యగతమూ రాయండి

సంపాదకుడికి నమస్కారం.

మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ వార్త అంటే జెండా పాట ధరే. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన లాటుకు పలికే ధర అది. దాన్ని నమ్మి బస్తాలు బండికెత్తే రైతుకు తన లాటు ఎంత పలకవచ్చో ఆ ఒక్క అంకె చెప్పదు. మా నాన్న తక్‌పట్టీలన్నీ, అంటే సరుకు అమ్మినప్పుడు ఇచ్చే చీటీలన్నీ, ఇనుప చువ్వకు గుచ్చి దాచుకునేవారు. జెండా పాట ధర వాటిలో ఒక్కదాని మీదా లేదు.

నేను డిగ్రీ విద్యార్థులకు గణాంక శాస్త్రం చెబుతాను. తరగతిలో ఊహించి వేసే లెక్క ఇది. తొమ్మిది లాట్లు, క్వింటాకు రూపాయల్లో: 9,200, 10,000, 10,800, 11,000, 11,400, 11,900, 12,000, 12,700, 19,000. సగటు 12,000. కానీ తొమ్మిదిలో ఆరు లాట్లు దానికి దిగువనే ఉన్నాయి. చివరి లాటు ఒక్కటే సగటును పైకి లాగేసింది. వరుసలో నడిమి ధర, అంటే మధ్యగతం, 11,400.

అమెరికా గణాంక శాస్త్రవేత్త జాన్ టూకీ 1970ల్లో ప్రచారంలోకి తెచ్చిన బాక్స్‌ప్లాట్ ఇదంతా ఒక్క బొమ్మలో చూపుతుంది. నడిమి సగం లాట్లు పడే 10,800 నుంచి 12,000 దాకా పెట్టె, మధ్యగతమైన 11,400 దగ్గర అడ్డగీత, అటూ ఇటూ మిగతా ధరల దాకా చాచిన మీసాల్లాంటి గీతలు. పెట్టె అంచు దాటి, దాని పొడవుకు ఒకటిన్నర రెట్లకు మించిన దూరంలో ఉన్న 19,000 విడిగా చుక్కై నిలుస్తుంది.

అంకెలు లేని బొమ్మ మాత్రం రైతుకు అక్కరకు రాదు. గణాంకాలకు వాడే 'ఆర్' అనే కంప్యూటర్ భాషలో బాక్స్‌ప్లాట్ ఆదేశం బొమ్మ గీసి ఊరుకోదు, గీతల విలువలనూ లాట్ల సంఖ్యనూ తిరిగి ఇస్తుంది. వాటిని టెక్స్ట్ ఆదేశంతో గీతల పక్కనే రాయించవచ్చు. సగటును అది తనంత తాను చూపదు, విడిగా లెక్కించి గుర్తు పెట్టాలి. లాట్ల సంఖ్య వదలకూడదు: ఐదు లాట్ల పెట్టె, ఐదు వందల లాట్ల పెట్టె చూడటానికి ఒకేలా ఉండవచ్చు. మా విద్యార్థులు పది పన్నెండు వరుసల్లో ఈ ప్రోగ్రామ్ రాసేస్తున్నారు.

ఈ-నామ్ (జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్) పద్ధతిలో లాటు వారీగా ధరలు కంప్యూటర్‌లో నమోదవుతాయి కనుక రోజూ సాయంత్రం ఈ బొమ్మను మార్కెట్ గేటు దగ్గర పెట్టడం కష్టం కాదు. రకానికో పెట్టె గీయాలి. తేజను, భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటాను ఒకే పెట్టెలో కలిపితే రెండింటి సంగతీ తెలియదు.

మీ పత్రికను కోరేది ఇంకా చిన్నది. ధరల పట్టికలో జెండా పాట పక్కన మధ్యగతం, లాట్ల సంఖ్య అని రెండు గడులు చేర్చండి. బొమ్మకు చోటు లేకపోయినా ఆ రెండు అంకెలకు చోటుంటుంది.

— గణాంక శాస్త్ర అధ్యాపకురాలు, హనుమకొండ