మా సున్నుండకు నయమైంది, తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

ముందు అసలు విషయం చెప్పేస్తాను. మా పిల్లిపిల్ల సున్నుండకు మోషన్స్ పూర్తిగా తగ్గిపోయాయి. మందులు ఆపేసి చాలా రోజులైంది, ఇప్పటికీ గట్టిగానే వెళ్తోంది, తిన్నది ఒంటికి పడుతోంది, ఎత్తుకుంటే వెన్నెముక చేతికి గుచ్చుకోవడం లేదు. నెలకు పైగా ఇంటిల్లిపాదీ దాని ఇసుక ట్రే చుట్టూనే తిరిగాం, పొద్దున లేస్తూనే ఒకరినొకరం అడిగే మొదటి మాట "ఎలా వెళ్లింది?" అనే. ఆ టెన్షన్‌లో మాకు సాయం చేసినవాళ్లకు అప్పుడు సరిగా థాంక్స్ కూడా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ అందరి ముందు చెప్తున్నాను. పేర్లు రాయడం లేదు, వాళ్లలో కొందరు వద్దన్నారు. చదివితే ఎవరి గురించో వాళ్లకే తెలిసిపోతుంది.

తిరుచానూరు రోడ్డులో ఒక టీ బంకు కింద దొరికింది ఇది. పళ్లు చూసి మూడు నెలలు ఉండొచ్చన్నారు. వచ్చిన రోజు నుంచే విరేచనాలు. పలచగా, లేత పసుపు రంగులో, జిడ్డుగా, గదిలో నిలబడలేనంత వాసన, ఒక్కోసారి జిగురు కూడా. కానీ తినేది, ఆడేది, తోక పట్టుకుని తిరిగేది. జ్వరం లేదు, వాంతులు లేవు. అందుకే చూసిన ప్రతివాళ్లూ "చిన్నపిల్ల కదా, చోటు మారింది, అదే సర్దుకుంటుంది" అనేవాళ్లు. రెండు రోజులు కాస్త గట్టిపడితే మేమంతా సంబరపడేవాళ్లం, మూడో రోజు మళ్లీ మొదటికొచ్చేది. మొదట చూపించిన చోట యాంటీబయాటిక్ సిరప్ ఇచ్చారు, వేసినన్నాళ్లూ బాగుండి ఆపగానే తిరగబెట్టింది, మళ్లీ వెళ్తే సిరప్ మార్చారు. మోషన్ పరీక్ష చేసి చూద్దామని అక్కడ ఎవరూ అనలేదు. అందుకు నాకు బాధగానే ఉంది, ఎందుకంటే ఆ రోజులన్నీ అది చిక్కిపోతూనే ఉంది.

మొట్టమొదట మెడికల్ షాపు అన్నకు. మా తమ్ముడు ఒక రాత్రి భయపడిపోయి, మనుషులకు మోషన్స్ కట్టడానికి వేసే మాత్ర అడగడానికి మీ దగ్గరికి వచ్చాడు. పిల్లికి అని తెలియగానే మీరు ఇవ్వలేదు. "తమ్ముడూ, అమ్మితే నాకు నాలుగు రూపాయలొస్తాయి, కానీ అది చచ్చిపోతే నీకు చెప్పలేను, డాక్టరుకు చూపించు" అన్నారట. జ్వరానికని పారాసిటమాల్ కూడా ఎప్పుడూ వేయొద్దని హెచ్చరించి పంపారు. ఆ తర్వాత వెటర్నరీ కాలేజీలో చూసిన డాక్టరమ్మ కూడా ఇదే చెప్పింది. పారాసిటమాల్‌ను విడగొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి సరిగా ఉండదు, ఒక్క మాత్ర కూడా ప్రాణం తీయగలదు. ఆ రాత్రి మీరు కాకుండా ఇంకెవరైనా కౌంటర్లో ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది అన్నా.

రెండో దండం మా పైవాటా అక్కకు. అక్కే "ఏంటికి పాపా ఇట్లా తిప్పుతావు దాన్ని, మన ఊళ్లోనే అంత పెద్ద వెటర్నరీ కాలేజీ పెట్టుకుని" అని తన పిల్లుల బుట్ట తెచ్చి చేతిలో పెట్టింది. నిజమే, తిరుపతిలో పుట్టి పెరిగిన మనకు ఆ కాలేజీ గోడ తెలుసు, గేటు తెలుసు, లోపల ఏం చేస్తారో తెలియదు. 1955 నుంచి ఉన్న కాలేజీ అది, 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వచ్చాక దాని కిందికి వెళ్లింది. ఆవులూ గేదెలే వస్తాయనుకునేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు, కుక్కల్నీ పిల్లుల్నీ కూడా అంతే శ్రద్ధగా చూస్తారు.

ఇక అక్కడ మాకు దొరికిన డాక్టరమ్మ గురించి. పీజీ చేస్తోంది, నాకంటే చిన్నది, అయినా రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాలనిపించింది. పిల్లిని ముట్టుకోకముందే ఎన్ని ప్రశ్నలు అడిగిందో. రోజుకు ఎన్నిసార్లు, ఒక్కోసారి ఎంత, ముక్కుతోందా, రక్తం చారలు ఉన్నాయా, ఏం తింటోంది, నీళ్లెక్కడివి, ఇంట్లో ఇంకేమైనా పిల్లులున్నాయా. ఎక్కువ ఎక్కువగా, పలచగా వెళ్తూ బరువు తగ్గితే చిన్నపేగుల్లో సమస్య కావచ్చు. కొంచెం కొంచెంగా పదే పదే వెళ్తూ, ముక్కుతూ, జిగురూ ఎర్రటి రక్తమూ పడితే పెద్దపేగుల వైపు చూడాలి. ఇవి తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుందమ్మా అంది. తర్వాత మెడ వెనక చర్మం పట్టి లాగి వదిలి చూపించింది, వెంటనే కిందికి వెళ్లిపోవాల్సింది, అలాగే కాసేపు నిలబడింది. చిగుళ్లు తడిగా ఉండాల్సింది వేలికి అంటుకున్నాయి. ఒంట్లో నీళ్లు తగ్గిపోయాయని అప్పుడు అర్థమైంది. వెంటనే వీపు మీద చర్మం కింద సెలైన్ ఎక్కించారు. పిల్లిపిల్లలకు ఇది చాలా తొందరగా ముదురుతుందట, పెద్ద పిల్లి తట్టుకున్నంత సేపు చిన్నది తట్టుకోలేదు.

మొదటి మల పరీక్షలో ఏలికపాముల గుడ్లు కనిపించాయి. నులిపురుగుల మందు వేశారు, కొన్ని రోజులకు మళ్లీ వేశారు. కొంచెం తేడా వచ్చింది కానీ మోషన్స్ ఆగలేదు. ఇంకోసారి పరీక్ష చేస్తే అందులో ఏమీ లేదు. రిపోర్టు క్లీన్. నేనైతే ఇక దీనికి ఏదో పెద్ద జబ్బే అని ఏడ్చేశాను. ఈమె మాత్రం అక్కడ ఆగలేదు, ఈ పోస్టు ఇంత పొడుగ్గా రాయడానికి కారణం కూడా అదే. "ఒక్కరోజు మోషన్లో కనిపించకపోతే పురుగు లేదని కాదమ్మా, ఆ రోజు బయటికి రాలేదని మాత్రమే" అంది. జియార్డియా అని కంటికి కనిపించని ఒక జీవి ఉంది, చిన్నపేగుల గోడకు అంటుకుని ఉంటుంది, దాని సిస్టులు, అంటే గట్టి పెంకులో ముడుచుకున్న దాని రూపాలు, రోజూ బయటికి రావు. ఒకరోజు గుంపులుగా, మర్నాడు అసలేమీ లేకుండా. అందుకని మూడు రోజుల శాంపిళ్లు తెమ్మంది. జింక్ సల్ఫేట్ ద్రావణంలో కలిపి తిప్పితే సిస్టులు పైకి తేలతాయట, వేరే ద్రావణాల్లో ముడుచుకుపోయి గుర్తుపట్టడం కష్టమట. పిల్లికి విరేచనాలు పట్టుకుని వదలకపోతే దయచేసి ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, ఒక్క పరీక్షలో ఏమీ లేదంటే ఆగిపోవద్దు, మళ్లీ చేయించమని మీరే అడగండి.

ల్యాబ్‌లో అన్నకు కూడా ఎంత చెప్పినా తక్కువే. శాంపిల్ ఎంత తాజాగా ఉంటే అంత మంచిదని, ఇంట్లో డబ్బాలో పెట్టి మధ్యాహ్నం తెస్తే ఆ జీవి చచ్చిపోయి కదలదు, కదలకపోతే కనిపించదు అని మొదటి రోజే చెప్పాడు. చివరికి దొరికింది అలాగే. పొద్దున అది ట్రేలో దిగగానే తీసుకుని ఆటోలో పరుగెత్తాం. గాజు పలక మీద ఒక చుక్క సెలైన్ వేసి కలిపి మైక్రోస్కోపు కింద పెట్టాడు, చాలాసేపు చూశాడు, తర్వాత నన్ను పిలిచి "రండి, చూడండి మీరే" అన్నాడు. చెట్టు నుంచి ఎండుటాకు అటూ ఇటూ పొర్లుతూ రాలుతుందే, అచ్చం అలా కదులుతోంది. పుస్తకాల్లో కూడా దాన్ని అలాగే వర్ణిస్తారట. 1681లో లీవెన్‌హుక్ అనే డచ్చి ఆయన తను తయారుచేసుకున్న భూతద్దంతో తన సొంత విరేచనాన్నే చూసి మొదటిసారి దీన్ని కనిపెట్టాడని కూడా ల్యాబ్ అన్నే చెప్పాడు. నెల రోజులుగా మా ఇంటిని ఏడిపించింది ఇదేనా అనుకుంటే కోపం కంటే ముందు నాకు ప్రాణం లేచొచ్చింది. శత్రువు ఎవరో తెలిసింది కదా.

మందు ఫెన్‌బెండజోల్. బరువు తూచి, కిలోకు 50 మిల్లీగ్రాముల లెక్కన రోజుకోసారి, 5 రోజులు. ఇది మా దానికి రాసిన లెక్క, మీ పిల్లికి మీ డాక్టరు బరువు చూసే ఇవ్వాలి. మెట్రోనిడజోల్ కూడా ఇస్తుంటారు, అది బాగా చేదు, నాలుకకు తగిలితే నోట్లోంచి నురగ కారుస్తూ పరుగెడతాయి, మోతాదు ఎక్కువైతే నరాల మీద పడుతుంది, అందుకని మాకు ముందు దీంతోనే చూద్దామన్నారు. మందు పట్టించేటప్పుడు టవల్లో చుట్టి పట్టుకోవడం నేర్పింది అక్కడి హౌస్ సర్జన్ అబ్బాయి. నాయనా, నీ చేతి మీద అది గీసిన గీతలు మానాయా?

ఇక తిండి. మా ఇంట్లో మాంసం వండరు, అవ్వ ఉన్నంతకాలం వంటింట్లోకి రాదు కూడా. పిల్లికేమో మాంసం తప్పదు, టారిన్ అనే పదార్థం దానికి మాంసంలోనే దొరుకుతుంది, పెరుగన్నం మీద బతికించలేం. పాలు అసలు వద్దన్నారు, చాలా పిల్లులకు పాలలోని చక్కెర అరగదు, ఉన్న మోషన్స్ ఇంకా పెరుగుతాయి. అప్పుడు మళ్లీ పైవాటా అక్కే ముందుకొచ్చింది. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ లేకుండా చికెన్ ఉడకబెట్టి, చేత్తో పీచులు పీచులుగా తీసి, రోజూ చిన్న గిన్నెలో తెచ్చేది. శనివారం వాళ్లింట్లోనూ ముట్టరు, అందుకని శుక్రవారం రాత్రే ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టి ఉంచేది. మా అవ్వ ఆ గిన్నె తను తాకకపోయినా, "నోరు లేని జీవి, దాని తిండి దానికి పెట్టండే" అని టైముకి మమ్మల్ని తరిమేది. అక్కా, ఈ రుణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలియదు. కడుపు కాస్త కుదురుకున్నాక పిల్లిపిల్లల తిండిలోకి మెల్లగా, రోజుకు కొంచెం కలుపుతూ మార్చాం, ఒక్కసారిగా మార్చొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

మందు సగమైతే శుభ్రం సగం. సిస్టులు తడిలో చాలా రోజులు బతుకుతాయి, బొచ్చుకు అంటుకుంటాయి, పిల్లి ఒళ్లు నాక్కుంటే మళ్లీ కడుపులోకే పోతాయి. మందు వేస్తున్నా తగ్గడం లేదని చాలామంది అనేది ఇందుకేనట. కాబట్టి అది వెళ్లిన వెంటనే తీసేయడం, ట్రే మరిగే నీళ్లతో కడిగి మేడ మీద ఎండలో పూర్తిగా ఆరబెట్టడం, పడుకునే గుడ్డలు మరిగించడం, నీళ్ల గిన్నె రోజూ తోమడం, మందు చివరి రోజున వెనకభాగం షాంపూతో కడిగి బాగా తుడవడం. మా ఊరి ఎండను అందరం తిట్టుకుంటాం, ఆ వారం మాత్రం నేను ఎండకు దండం పెట్టుకున్నాను. మా అక్క చంటిపిల్లతో పుట్టింటికి వచ్చి ఉంది, ఆ భయం ఒకటి. పిల్లుల్లో ఎక్కువగా కనిపించే రకం మనుషులకు అంటడం అరుదేనని, కానీ అంటుకునే రకాలూ ఉన్నాయి కాబట్టి ట్రే ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలని, పాపను ఆ వైపు రానీయొద్దని చెప్పారు. మేడ తాళం మా చేతికే ఇచ్చేసి, ఒక్క మాట కూడా అనని ఇంటి ఓనరు గారికి చాలా చాలా థాంక్స్ అండీ.

మందు అయ్యాక మళ్లీ పరీక్ష చేశారు, ఏమీ లేదు. ఈసారి ఆ మాట నమ్మాను, ఎందుకంటే ట్రేలో కూడా అదే కనిపిస్తోంది. ఇప్పటికీ తగ్గకపోయుంటే ట్రైట్రైకోమోనాస్ అనే ఇంకో పేగు జీవి కోసం పీసీఆర్ పరీక్ష, ల్యుకీమియా వైరస్ పరీక్ష, అన్నీ వరసగా డాక్టరమ్మ మనసులో ఉన్నాయి, ముందే చెప్పింది. అంతవరకు వెళ్లాల్సిన పని పడలేదు. బరువు వచ్చాక టీకా కూడా వేయించాం. పాన్‌ల్యుకోపీనియా అనే జబ్బుకు ఆ టీకా చాలా ముఖ్యమట, అదొస్తే ఇలా వారాలు ఆగదు, ఉన్నట్టుండి వాంతులు, తిండి మానేయడం, ముడుచుకుని పడుకోవడం, అలాంటప్పుడు ఒక్క పూట కూడా చూడకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఆటో అన్నను మర్చిపోలేదు. బుట్టలోంచి వాసన వస్తున్నా ముఖం చిట్లించకుండా, గుంతలొచ్చిన చోటల్లా నెమ్మదిగా పోనిచ్చి, చివరిరోజు డబ్బులిస్తే "దానికేమైనా కొనిపెట్టమ్మా" అని వెళ్లిపోయారు. కొన్నాం అన్నా, తోలుబంతి ఒకటి, దాంతోనే ఆడుతోంది.

పైవాటా అక్క ఇచ్చిన బుట్ట మరిగే నీళ్లతో కడిగి, ఎండబెట్టి మా దగ్గరే ఉంచుకున్నాం, అక్కే ఉంచుకోమంది. తిరుపతిలో ఎవరికైనా పిల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి బుట్ట కావాలంటే మెసేజ్ పెట్టండి, ఎమ్మార్ పల్లి వైపు ఎవరు వచ్చినా తీసుకెళ్లొచ్చు. మొదటిసారి వెళ్లేవాళ్లకు తోడు కావాలన్నా చెప్పండి, సెలవు రోజైతే నేనే వస్తాను.