వాననీటి డ్రమ్ముల కిట్ లీకు: సిలికాన్ పూయమనడం జవాబు కాదు

కస్టమర్ సేవా విభాగం అధికారి గారికి,

విషయం: తోట కోసం కొన్న మూడు డ్రమ్ముల వాననీటి కిట్‌లో కలుపు గొట్టాల దగ్గర లీకు, తప్పుగా ఉన్న మాన్యువల్

అయ్యా,

లీకు గురించి రాస్తే మీ సిబ్బంది "జాయింటు చుట్టూ బయట సిలికాన్ పూయండి" అని జవాబిచ్చారు. ఈ డ్రమ్ములు హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్‌తో చేసినవి. ఆ ప్లాస్టిక్‌ను సిలికాన్ పట్టుకోదు, ఆరాక పొరలా ఊడొస్తుంది. పైగా దాని మరకలు గీకి తీసేదాకా కొత్త వాషర్ కూడా సరిగ్గా కూర్చోదు. నిండు డ్రమ్ములో 90 సెం.మీ. నీళ్లున్నా అడుగున ఒత్తిడి 0.09 బార్ మాత్రమే. అంత కొద్దిపాటి ఒత్తిడికే కారుతోందంటే లోపం బిగింపులో లేదు, కిట్‌లోనే ఉంది.

మొదటిది వాషర్. మీరిచ్చింది 2 మి.మీ. మందం గల గట్టి రబ్బరు. డ్రమ్ము వ్యాసం 58 సెం.మీ., ట్యాంక్ నిపుల్ (డ్రమ్ము గోడలో బిగించే మరల గొట్టం) ఫ్లేంజ్, అంటే దాని చదునైన అంచు, వెడల్పు 45 మి.మీ. ఆ వంపు మీద చదునైన ఫ్లేంజ్ పెడితే మధ్యకూ అంచుకూ దాదాపు 0.9 మి.మీ. తేడా వస్తుంది. పలచటి గట్టి రబ్బరు ఆ సందును పూడ్చలేదు. అక్కడ 5 మి.మీ. మందం గల, ఈపీడీఎం అనే రబ్బరుతో చేసిన మెత్తటి వాషర్ ఉండాలి.

దానికి తోడు మాన్యువల్ బొమ్మలో వాషర్‌ను బయట, నట్టు కింద చూపారు. అలా పెడితే నీళ్లు రంధ్రంలోకి దిగి, నిపుల్ మరల (థ్రెడ్ల) వెంబడే నడిచి నట్టులోంచి బయటపడతాయి. నట్టు ఎంత తిప్పినా ఆ దారి మూసుకోదు, రబ్బరు మాత్రం మెలిపడి పక్కకు జారుతుంది. రబ్బరు లోపల, ఫ్లేంజ్‌కూ గోడకూ మధ్య ఉండాలి. బయట జారుడు ప్లాస్టిక్ వాషర్, దానిపైన నట్టు. చేత్తో బిగించాక పానాతో పావు చుట్టు తిప్పితే చాలు. తిప్పేటప్పుడు లోపల ఫ్లేంజ్‌ను ఎవరో ఒకరు కదలకుండా పట్టుకోవాలి, ఈ మాటే మాన్యువల్‌లో లేదు.

రంధ్రం సంగతీ అంతే. ముప్పావు అంగుళం బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు ప్రమాణం) మర బయటి కొలత 26.4 మి.మీ. రంధ్రం 27 లేదా 28 ఉంటే సరిపోతుంది. మీ ఫ్యాక్టరీ 32 మి.మీ. వేసి పంపింది. నిపుల్ ఒక పక్కకు ఒరిగితే అవతలి పక్క వాషర్‌కు ఆనుకునే చోటు తగ్గిపోతుంది. రంధ్రం అంచున మిగిలిన ప్లాస్టిక్ పోగుల్ని కూడా ఎవరూ తీయలేదు.

కుళాయి మర ఎన్‌పీటీ (అమెరికన్ పైపు ప్రమాణం), నిపుల్ మర బీఎస్‌పీ. ముప్పావు అంగుళంలో రెండింటికీ అంగుళానికి 14 మరలే కాబట్టి సులువుగా ఎక్కి నమ్మిస్తుంది. కానీ మర కోణం ఒకదానిది 60 డిగ్రీలు, మరొకదానిది 55. ఆ తేడాను టెఫ్లాన్ టేపు కొన్నాళ్లే దాస్తుంది.

డ్రమ్ముల్ని కలపడానికి ఇచ్చిన బిరుసు పీవీసీ గొట్టం అన్నిటికన్నా పెద్ద తప్పు. 200 లీటర్లు నిండితే ఒక్కో డ్రమ్ము 200 కిలోలకు పైగా తూగుతుంది. నేల ఒక వైపు కొన్ని మిల్లీమీటర్లు కుంగినా ఆ లాగుడంతా నిపుల్ మెడ మీదే పడుతుంది. బాగు చేసిన జాయింటు మళ్లీ కారేదీ ఇందుకే. కాస్త వదులుగా వేలాడే 30 సెం.మీ. మెత్తటి గొట్టం, రెండు కొసలా స్టెయిన్‌లెస్ స్టీల్ క్లాంపులు ఇవ్వాలి.

మొదటి డ్రమ్ము మూత దగ్గర పొంగేది మాత్రం లీకు కాదు. 75 మి.మీ. గొట్టంలో వచ్చే వాన నీరు ముప్పావు అంగుళం దారిలో పక్క డ్రమ్ముకు పోలేదు. ఓవర్‌ఫ్లో (నిండాక మిగిలిన నీళ్లు బయటికి పోయే గొట్టం) కూడా 75 మి.మీ. ఉండాలి, మిగతా డ్రమ్ముల మూతలకు గాలి రంధ్రం, దోమతెర ఉండాలి.

రంధ్రం తప్పుగా పడిన మూడు డ్రమ్ములనూ మార్చండి. వాటితో మెత్తటి వాషర్లు, బీఎస్‌పీ కుళాయి, వంగే గొట్టాలు, క్లాంపులు పంపండి. డ్రమ్ములు మార్చలేకపోతే పూర్తి సొమ్ము వాపసు ఇవ్వండి. వాషర్ బొమ్మ ఉన్న పేజీని సరిదిద్ది, ఇప్పటికే కొన్నవాళ్లందరికీ పంపండి. రంధ్రాల కొలతల ఫోటోలు, బిల్లు నకలు జతచేశాను.

ఇట్లు,
మీ కిట్ కొనుగోలుదారు