మేజర్ ఆర్చ్‌బిషప్ రఫాయేల్ తట్టిల్ గారికి బహిరంగ లేఖ

పూజ్య పితా,

2024లో సీరో-మలబార్ కాథలిక్ సభ పెద్దగా వెళ్ళేముందు మీరు మా శంషాబాద్ బిషప్ కదా, ఆ చనువుతోనే సూటిగా రాస్తున్నాను.

పూజలో మొదటి భాగం జనం వైపు, ప్రధాన అర్పణ బలిపీఠం వైపు తిరిగి ఫాదర్లందరూ ఒకేలా చెయ్యాలని 2021లో సినడ్ (మన బిషప్‌ల సభ) చెప్పింది. కేరళలోని ఎర్నాకుళం-అంగమాలి అగ్రపీఠంలో చాలామంది ఫాదర్లు, వాళ్ళతోపాటు విచారణల (స్థానిక చర్చిల) జనం, దశాబ్దాలుగా అలవాటైనట్టు మొత్తం జనం వైపే చేస్తామన్నారు. ఫాదర్లు అభిషేకం రోజున విధేయత మాటిచ్చారు, బిషప్‌కి వాళ్ళ మీద అధికారం ఉంది, కాదనను. కానీ 2022 చివర్లో అక్కడి ప్రధాన చర్చి, బసిలికా, ఈ గొడవతో మూతపడితే గెలిచిందెవరండి? గొడవ ఫాదర్లకీ బిషప్‌లకీ, తాళం మాత్రం జనానికి!

2024 జూన్‌లో, మాట వినని ఫాదర్లు సభ బయట ఉన్నట్టేనని సర్క్యులర్ ఇచ్చారు. కొద్ది రోజులకే, ఆదివారం ఒక్క పూజ కొత్త పద్ధతిలో చేస్తే చాలని రాజీ. (మా ఇంట్లో కూడా ఇంతే, ముందు అరుపులు, తర్వాత బేరం.) ఆ రాజీ మాటేదో మూడేళ్ళ ముందే ఎందుకు రాలేదు?

ఈసారి ఇలాంటి ఆదేశం ఇచ్చే ముందు, సంతకం పెట్టకుండానే దాని ముసాయిదా విచారణ కౌన్సిళ్ళకి పంపించండి, వాళ్ళేమంటారో వినండి.

మీ పాత పీఠం విశ్వాసి